సింహాచలం మావయ్య సీటీ గదిలో ఒక పూట

నన్ను మొదటిసారి సీటీ స్కాన్ గదిలోకి తీసుకెళ్లింది సింహాచలం మావయ్య. రాయపూర్ రైల్వే కాలనీలో మా పక్కింటాయన, స్కానింగ్ టెక్నీషియన్. ఆయన్ని చూసే ఈ చదువు చదివాను. ఇప్పుడు విశాఖలో ఉంటూ, సీటీ యంత్రాలు రోగికి ఎంత రేడియేషన్ ఇస్తున్నాయో కొలిచే ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల ఆయన పనిచేసే ఆస్పత్రి నుంచే పిలుపొస్తే ఎగిరి గంతేశాను.

రైలు ఉదయం ఎనిమిదికి రాయపూర్‌లో దించింది. ఆస్పత్రి ఉన్న టాటీబంధ్‌కి ఆటో అతను నూట యాభై అన్నాడు, నా పెట్టె ఎత్తి చూసి రెండొందలు చేశాడు. "ఇస్ మే క్యా హై దీదీ, పత్థర్?" అని మూలిగాడు. రాళ్ల బరువే మరి! మనిషి ఒంటికి బదులుగా యంత్రంలో పెట్టి కొలిచే ప్లాస్టిక్ దిమ్మలు రెండున్నాయి అందులో, పెద్దవాళ్లకొకటి, పిల్లలకొకటి. మా పాత వీధి మలుపులో ఆపించి పోహా, జిలేబీ తిన్నాను, నలభై రూపాయలు. కూర్చున్న బల్ల కూడా పాతదే అనిపించింది.

మావయ్య ఆస్పత్రి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏటమ్మా, నా మెషీన్‌కే పరీక్ష పెడతావేటి? బిల్‌కుల్ ఫస్ట్ క్లాస్. పిల్లలకైతే తగ్గించే తీస్తాను. తెర మీద అంకె చూడు, ఎంత తక్కువో!"

పెద్ద దిమ్మతో కొలిస్తే తెర మీది అంకెకి సరిపోయింది. ఆయన పిల్లలకి వాడే సెట్టింగు పెట్టి చిన్న దిమ్మతో కొలిస్తే తెర మీది అంకెకి దాదాపు రెండింతలు వచ్చింది. మళ్లీ తీశాను. అంతే.

"మావయ్యా, తెర చూపేది పెద్ద దిమ్మ లెక్క. పిల్లల ఒళ్లు చిన్నది కదా, రేడియేషన్ డోసు అంతకంటే ఎక్కువే పడుతుంది."

"ముప్పయ్యేళ్లయి తీస్తన్నాను. నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతావేటి?"

బయట బెంచీ మీద కడుపునొప్పితో ఆరేళ్ల పాప, పదకొండింటికి తన వంతు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఆ పాపని ఈ సెట్టింగుతో తియ్యనివ్వను మావయ్యా" అనేశాను.

మావయ్య బెంచీ మీది పాప వైపు ఓసారి చూశాడు. తర్వాత తనే మెషీన్ ముందు కూర్చుని, నన్ను అడుగుతూ సెట్టింగు తగ్గించాడు. చిన్న దిమ్మ మీద డోసు సగానికి దిగింది. పాపని అలాగే తీశాం. స్కాన్ బొమ్మ కాస్త గరుకుగా ఉన్నా తనకి కావలసింది కనబడుతోందని రేడియాలజిస్టు అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మావయ్య మాత్రం నా వైపు తిరిగి అడిగాడు: "మరి ఇన్నాళ్లూ తీసిన పిల్లల మాటేటి తల్లీ?"

"అవసరమయ్యే కదా తీశావు" అన్నాను. ఆయన తలూపలేదు.

సాయంత్రం రైలెక్కాక కూడా ఆ ముఖమే కళ్లముందుంది. నాకీ పని మీద ఇష్టం పుట్టించిన మనిషిని, ఆయన గదిలోనే నొప్పించి వచ్చాను. అయినా మళ్లీ వెళ్తే మళ్లీ అదే చెప్తాను.

ఒక్క మాట. పిల్లల్ని సీటీకి తీసుకెళ్తే "పిల్లల ఒంటికి తగ్గట్టు కొలిచి పెట్టిన సెట్టింగేనా?" అని అడగండి. ఎదుటివాళ్లు ఎంత అయినవాళ్లయినా, చిన్నబుచ్చుకున్నా సరే, అడగండి.