కొట్టంటే ఏ కొట్టు?

2022. తెనాలిలో ఇళ్లకు ప్లాన్లు గీసి, మునిసిపల్ అనుమతులు తెప్పించే పనిలో నాకు అప్పటికి పదకొండేళ్లు. మూడంతస్తుల మేడలకు కూడా అనుమతులు తెప్పించాను గానీ, పెరట్లోని ఒక్క గది కోసం అంత హడావిడి పడింది ఆ ఒక్కసారే.

శ్రీధర్ అనే లెక్చరర్ నన్ను పిలిపించారు. వాళ్ల నాయనమ్మ సుభద్రమ్మగారు రిటైర్డ్ టీచరు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మేడ మీది తన గదికి ఎక్కలేక, కింద హాల్లో మంచం వేయించుకున్నారు. పెరట్లో ఇంటికి విడిగా ఉన్న పాత గదిని వంటిల్లు, బాత్‌రూమ్‌తో ఆవిడకు చిన్న ఇల్లుగా మార్చాలి.

"వచ్చేపోయేవాళ్లందరికీ నా నిద్రే వినోదం అయిపోయిందమ్మాయ్. నా తలుపు, నా పొయ్యి నాకుండాలి. నెలాఖరుకి అనుమతి రాకపోతే బాపట్ల ఆశ్రమానికి పోతా. గది కూడా చూసొచ్చా" అన్నారావిడ. శ్రీధర్ ముఖం పాలిపోయింది. ఆవిడ అన్నారంటే చేసినట్టేనట.

టేపు పట్టి కొలిచాను. సెట్‌బ్యాక్, అంటే గోడకూ హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ, సరిగ్గా సరిపోయింది. ఎగిరి గంతేయాలనిపించింది! పాత దస్తావేజులో ఆ గదిని 'పెరటి కొట్టు' అని రాశారు. గుమ్మానికి పాత షాపుల్లో లాగా తలుపు బదులు పలకలు దూర్చే గాడులు, మూల పలకల దొంతర కూడా కనిపించాయి. ఇంకేం, ప్రస్తుత వాడుక అన్న గడిలో 'షాపు' అని కొట్టి, దరఖాస్తు ఆన్‌లైన్లో పంపేశాను.

ఐదో రోజున 'షార్ట్‌ఫాల్' వచ్చింది. దరఖాస్తులో లోపముంది, సరిచేయమని చెప్పే తాఖీదు అది. షాపు లైసెన్సు, దాన్ని మూసేసినట్టు రుజువు చూపమన్నారు. నెలాఖరుకి తొమ్మిది రోజులే ఉన్నాయి. పరుగున వాళ్లింటికి వెళ్లాను.

"మా ఇంట్లో షాపేంటండి?" అన్నారు శ్రీధర్.

"మీ దస్తావేజులోనే ఉందండి, పెరటి కొట్టని."

సుభద్రమ్మగారు చేతికర్ర పక్కన పెట్టి మరీ నవ్వారు. "ఓసి పిచ్చిపిల్లా! కొట్టంటే అమ్మేదొకటేనా? అది ధాన్యం కొట్టు! వేమూరు పొలం వడ్లు మా మామగారు అందులోనే పోయించేవారు."

"మరి ఆ పలకలో, నాయనమ్మగారూ?" అన్నాను.

"షాపు పలకలు నిలువుగా నిలబెడతారు. ఇవి అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. వడ్లు పోసేకొద్దీ పేర్చుకుంటూ పోతాం, తీసేకొద్దీ దించుకుంటాం."

శ్రీధర్, నేను కలిసి ఆ పలకలను ఒక్కొక్కటే గాడిలోకి దించాం. వాటి మీద తారుతో వేసిన అంకెలు కింద ఒకటి నుంచి పైన తొమ్మిది దాకా వరసగా కుదిరాయి! సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఫొటోలు తీసి, 'ఇంటి ధాన్యం గది' అని సరిదిద్ది మళ్లీ పంపాను.

తనిఖీకి వచ్చిన అధికారికి ఆవిడ కర్ర మీద ఆనుకుని, క్లాసులో చెప్పినట్టే ఒక్కో పలకా చూపించి పాఠం చెప్పారు. ఆయన గాడులు తడిమి చూసి, "చెరుకుపల్లిలో మా తాతగారింట్లోనూ ఉండేదండి ఇలాంటిది" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అయినా కాగితం చేతికొస్తేనే వచ్చినట్టు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం రేపల్లె బస్సులో ఉండగా ఫోన్ మోగింది. మెసేజ్ చూసి "వచ్చేసింది!" అని అరిచేశాను. "ఏ ఊరొచ్చిందమ్మా?" అంటూ పక్క సీట్లో పెద్దావిడ సంచి సర్దుకున్నారు.

ఆ కేసు తరవాత నా పద్ధతి మారింది. కాగితంలో ఏం రాసున్నా, "దీన్ని మీరు దేనికి వాడేవారండి?" అని ఆ ఇంటి పెద్దలను అడగందే ఒక్క గడి కూడా నింపను. పదకొండేళ్ల అనుభవం అనుకుంటూ, పక్కనే కూర్చున్న మనిషిని అడగకుండా వదిలేశాను మరి.

పాలు పొంగించిన రోజు వెళ్లాను. తొమ్మిదో పలక ఆవిడ వంటింట్లో అరగా మారి, కాఫీపొడి డబ్బాను మోస్తోంది. సుభద్రమ్మగారు తన పొయ్యి మీద తనే కాచిన కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"కొట్టు తెరిచానమ్మాయ్. బోణీ నీదే!"