వరద కాగితాల్లో నా వాంగ్మూలం

సువర్ణరేఖ నది పొంగి మా మాంగో పేటలోకి వచ్చి పోయాక, మా వాడలో బురద తగ్గేసరికి నాయకులు పెరిగారు. అధికారంలో ఉన్న పార్టీ వాళ్ళు వచ్చి, "ముందే మైకులో చెప్పించాం, జనమే కదల్లేదు" అనేవారు. రెండో పార్టీ వాళ్ళు, "ఏ హెచ్చరికా లేదు, పట్నా అసెంబ్లీలో నిలదీస్తాం" అనేవారు. ఇద్దరికీ కావలసింది మా పక్కింటి మామ్మ చావే. ఆ వరదలో మా వాడ నుంచి పోయింది ఆవిడొక్కతే.

నాకు ఒళ్ళు మండిపోయేది. బడిలో పిల్లల్ని అదిలించే నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా? మన విచారణ మనమే చేసుకుందామని వాడలో గొడవ మొదలుపెట్టింది నేనే.

విచారణకి పెద్దమనిషిగా ఎవర్ని పెట్టాలన్నప్పుడు, నది అవతల గోల్‌మురి నుంచి ఒక రిటైరైన ఫోర్‌మన్‌ని తీసుకొచ్చాం. శ్రీకాకుళం వైపు మనిషి. ఫ్యాక్టరీలో యాక్సిడెంటు జరిగితే కాగితం ఎలా రాసేవారో ఇక్కడా అలాగే రాయాలన్నాడు. అందరికీ అవే నాలుగు ప్రశ్నలు: ఎక్కడున్నావు, ఏం చూశావు, ఏం విన్నావు, ఏం చేశావు. తప్పెవరిదో అడగకూడదు, పార్టీ పేరు రాయకూడదు. చివరికి అందరి ముందూ చదివి వినిపించాలి. తెలుగూ హిందీ రెండూ వచ్చినదాన్ని కనుక రాత పని నాకు పడింది.

మొదటి వారమే అధికార పార్టీ మనిషి మిఠాయి పొట్లంతో వచ్చాడు. "టీచర్‌జీ, మైకు తిరిగిందని ఒక్క లైను రాయండి చాలు" అన్నాడు. పొట్లం అతని చేతిలోనే పెట్టి, వీధి చివరి వరకూ వినబడేలా కడిగేశాను. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నవ్వారు. ఆ పూట నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

మామ్మ కొడుకు గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. వరద రోజు అతనిది మధ్యాహ్నం షిఫ్టు. చదువు రాదు. నా ముందు పీట మీద కూర్చుని నేల చూస్తూ చెప్పాడు.

"ఎవులూ సెప్పనేదు టీచరమ్మా. మాయమ్మకి మోకాళ్ళ నొప్పులు గానీ చెవులు బాగానే ఇనబడతాయి. ఒక్కమాట సెప్తే పాక్కుంటూ అయినా గట్టెక్కీసును. రాసీండి, ఎవులూ సెప్పనేదని."

రాశాను. అప్పటికే వాడలో ఇంచుమించు అందరి కాగితాల్లోనూ అదే మాట రాసి ఉన్నాను.

అన్నీ అయ్యాక ఫోర్‌మన్ ఒక తెల్ల కాగితం నా ముందుకి జరిపాడు. "ఇప్పుడు మీదమ్మా. ఆ పూట ఎక్కడున్నారు?"

"నాదేటండీ, నేను రాసేదాన్ని కదా" అన్నాను.

"రాసినోళ్ళు కూడా ఈ వాడోళ్ళే కదమ్మా. ఏటి ఇన్నారు?"

గుర్తులేక కాదు నేను తప్పించుకోచూసింది. మూడు వారాలుగా అదొక్కటే గుర్తుంది. ఆ మధ్యాహ్నం జోరువానలో మైకు రిక్షా వచ్చింది. మా వైపు ఉన్నది ఆ ఒక్క రిక్షాయే. ఎన్నికలప్పుడు అన్ని పార్టీలూ దాన్నే కిరాయికి తీసుకునేవి, అదే మనిషి, అదే గొంతు, అదే "భాయియో ఔర్ బెహెనో." ఆ మాట చెవిన పడగానే తలుపులు వేసుకోవడం మాకందరికీ అలవాటైపోయింది. నేనూ కిటికీ మూయబోయాను. పక్క అరుగు మీంచి మామ్మ కేకేసింది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. వీధిలో ఎవరేం అరిచినా నన్నే అడిగేది.

"ఏటంటన్నాడే ఆడు?"

"ఓట్లోళ్ళే మామ్మా. నువ్వు లోపలికి పో, తడిసిపోతావు."

వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకి నీళ్ళొచ్చాయి. ఆ మైకు అరిచింది ఓట్ల కోసం కాదని అప్పుడు తెలిసింది. నేను పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తాను.

మిఠాయి మనిషి చెప్పింది నిజమే. అతని నోట్లోంచి వచ్చింది కనుక దాన్ని అబద్ధం చేసేయడం నాకు తేలికైంది. పార్టీల్ని గుమ్మం దాటనివ్వలేదని విర్రవీగాను గానీ, నాకు అక్కర్లేని మాటని నేనూ కాగితాల్లోకి రానివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం అందరి ముందూ నా కాగితం నేనే చదివాను. తరువాత ఒక ముసలాయన, తనూ ఓట్ల మైకే అనుకుని తలుపేశానన్నాడు. ఇంకొకావిడ చెయ్యెత్తింది. ఆ తరువాత చాలామంది. మామ్మ కొడుకు మాత్రం నా వైపే చూస్తున్నాడు.

"మాయమ్మ మిమ్మల్ని అడిగినాదా?"

"అడిగింది బాబూ."

"మీరు లోపలికెళ్ళమన్నారా?"

"అన్నాను."

తిడితే బాగుండును అనిపించింది. అతను లేచి నా దగ్గరికొచ్చి, తన కాగితం చూపించమన్నాడు.

"ఎవులూ సెప్పనేదు అని రాయించినాను కదా. అది అబద్దం. కొట్టీండి."

నా చేత్తోనే కొట్టేశాను. కింద మళ్ళీ వేలిముద్ర వేసి, అమ్మ లేని ఇంటికి వెళ్ళిపోయాడు. పక్కపక్క గోడలే అయినా, ఆ తరువాత నేను ఆ వాడలో ఉన్నన్నాళ్ళూ అతను నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.