గురువారం రాత్రి అన్న మాట

ప్రతి శనివారం పొద్దున పెద్ద మామాకు ఆ వారం బ్రిటన్ టీవీలో వచ్చే కార్యక్రమాల పట్టిక చదివి వినిపిస్తాను. ఈ అరబ్బు దేశంలో, అహ్మది అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాను. ఈమె ఆవిడ తల్లి. వయసులో ఉన్నప్పుడు, ఆయిల్ కంపెనీ భర్తను చదువుకు పంపితే, ఆయనతో ఇంగ్లండ్‌లో ఒక సముద్రపు ఒడ్డు ఊళ్లో రెండేళ్లు ఉంది. మొదటి బిడ్డ అక్కడే పుట్టి అక్కడే పోయింది. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది.

కంట్లో ఒత్తిడి పెరిగి ఆమె చూపు అంచుల నుంచి తరిగిపోతూ వచ్చింది. గంట దాటి టీవీ చూస్తే కళ్లు నొప్పి పుట్టి నీళ్లు కారేవి. అందుకే రోజుకు ఒకటే కార్యక్రమం, అదీ ఏరుకుని. తోటలు, పాత సామాన్ల వేలాలు, వంటల పోటీలు. నేను చదువుతుంటే "లా, లా" అని కొట్టేసేది. నచ్చితే వేలు ఎత్తేది. నేను పెన్సిల్‌తో గీత గీసేదాన్ని.

బడిలో నేను చదివింది పదో తరగతి వరకే. తక్కిన చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టింది. ఇంగ్లీషు అక్కడి నిఘంటువుతో నేర్చుకున్నాను. పదిహేను డిగ్రీల రేఖాంశానికి ఒక గంట తేడా అని అక్కడి చిరిగిన అట్లాసులో చూశాను. అందుకే లండన్ టైముకు మూడు గంటలు కలపాలని నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆ ఇంట్లోనే వంట చేసే గోదావరి అక్క దీనికి ఎగతాళి చేసేది.

"ఏవండీ పంతులమ్మగారూ, ఈ వారం లండన్‌లో ఏవాడతంది?"

"సినిమాలు కాదక్కా, తోటలు."

"తోటలకి లండనెందుకే? వఫ్రా పొలాలకెల్తే టమాటాలు కూడా ఇత్తారు."

పోయిన చలికాలం ఒక శనివారం, సముద్రం పక్కన సాగే రైలు ప్రయాణం గురించిన కార్యక్రమం పట్టికలో కనిపించింది. దారిలో వచ్చే ఊళ్ల పేర్లు చదివాను. మూడో పేరు దగ్గర పెద్ద మామా వేలు ఎత్తలేదు, నా మణికట్టు పట్టుకుంది.

"మళ్లీ చదువు."

చదివాను. గురువారం మధ్యాహ్నం మూడున్నర, అంటే మనకు సాయంత్రం ఆరున్నర. రోజు పేరు అరబ్బీలోకి మార్చి "లైలత్ ఖమీస్" అని చెప్పాను.

"ఈ వారం ఇంకేదీ వద్దు. కళ్లు దానికోసం దాచుకుంటాను" అంది.

ఆ మధ్యాహ్నమే కంటి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆపరేషన్‌కు గురువారం సాయంత్రమైనా చేరవచ్చు, శుక్రవారం సాయంత్రమైనా చేరవచ్చు. ఉన్న చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమని డాక్టరు ముందే అన్నాడు. మామా ఫోన్ చేత్తో మూసి నన్ను అడిగింది.

"మీ కార్యక్రమం ఏ రాత్రి?"

"లైలత్ ఖమీస్, మామా."

లైల్ అంటే రాత్రి, ఖమీస్ అంటే గురువారం. అబ్బాసియా బజారులో కొన్న చిన్న పుస్తకంలో రెండు మాటలూ నేర్చుకుని నేనే కలిపాను. అంత శుభ్రంగా అరబ్బీ వచ్చిందని లోపల సంతోషపడ్డాను కూడా. మామా "జైన్" అంటూ తలూపి, గురువారం సాయంత్రం చేరతామని ఆసుపత్రికి చెప్పేసింది.

బుధవారం సాయంత్రం పెద్ద మామా ముఖం కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని టీవీ ముందు కూర్చుంది. మామా కూడా చాయ్ తెచ్చుకుని పక్కన చేరింది.

"యల్లా, పెట్టు" అంది మామా.

"ఈ రోజు కాదు మామా, రేపు."

"లైలత్ ఖమీస్ అన్నావు. ఇదే కదా."

వీళ్లకు పొద్దు గుంకగానే మరుసటి రోజు మొదలవుతుంది. రాత్రి ముందు, పగలు తర్వాత. వాళ్ల గురువారం రాత్రి మనకు బుధవారం రాత్రి. నా పుస్తకంలో రెండు మాటలూ ఉన్నాయి గానీ, రెండూ కలిస్తే ఏమవుతుందో లేదు. అంతవరకు ఏ రోజు కార్యక్రమం ఆ రోజు నేనే పెట్టేదాన్ని కాబట్టి ఆ తప్పు బయటపడలేదు.

మామా ఆసుపత్రికి ఫోన్ చేసింది. శుక్రవారం చోటు వేరేవాళ్లకు ఇచ్చేశారట, ఇప్పుడు వద్దంటే మళ్లీ రెండు నెలలకు. కన్ను అంతవరకు ఆగదన్నారు. తర్వాత చూడొచ్చేమోనని ఫోన్‌లో వెతికితే, అయిపోయిన కార్యక్రమాలు బ్రిటన్ బయట రావని ఉంది. మామా ఫోన్ పక్కన పెట్టింది. "ఖలాస్" అని చాయ్ కప్పు తీసుకుని లేచింది.

గురువారం కారెక్కే ముందు పెద్ద మామా నన్ను దగ్గరికి పిలిచింది. "నువ్వు చూడు. స్టేషన్ నుంచి సముద్రానికి దిగే వీధి. ఎడమ పక్క మూడో ఇల్లు మాది. చూసి చెప్పు."

ఆరున్నరకు ఆమె కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. ఆ ఊరు నాలుగు నిమిషాలు కూడా రాలేదు. స్టేషన్, తెల్ల పక్షులు, గట్టు మీద చేప తింటున్న ఒక మనిషి. అంతలో రైలు కదిలింది. ఆ వీధిని అసలు చూపించనే లేదు.

కట్టు విప్పాక వెలుగుకూ చీకటికీ తేడా తెలియడం తప్ప ఆమెకు ఏమీ మిగల్లేదు. ఇంటికి వచ్చి మొదట అడిగింది నన్నే.

"ఇల్లు ఉందా?"

"ఉంది పెద్ద మామా."

"తలుపు ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"నీలం ఉండేది" అంది. తర్వాత నా చేయి వెతికి పట్టుకుని, "కొత్తగా రంగు వేశారేమో. ఎవరో కాపురం ఉంటున్నారన్న మాట" అంది.

ఇప్పటికీ శనివారాలు చదువుతున్నాను. రోజుతో పాటు తారీఖు కూడా చెబుతున్నాను. కళ్ల నొప్పి లేదు, గంట షరతు లేదు. ఆమె వేలు ఎత్తడం మానేసింది, "నీకు నచ్చింది పెట్టు, వింటాను" అంటుంది. ఈ వారం పట్టికలో ఆ రైలు కార్యక్రమం మళ్లీ వేస్తున్నట్టు ఉంది. మాటలు వింటే చాలు, ఆ వీధి అందులో లేదని ఆమెకు తెలిసిపోతుంది. దాని పైనున్న వేలం గురించి చదివాను. కింద తోటల గురించి చదివాను. ఇన్నేళ్లలో ఆమెకు చదవకుండా దాటేసిన వరుస అదొక్కటే.