దిండు ఒప్పుకోని బిల్లు

మా గవర్నరుగారు పొద్దున్నే దేవుడికంటే ముందు దిండుకి దణ్ణం పెట్టేవారు. ఏ కాగితమైనా ఒక రాత్రి దాని కింద పడుకోవలసిందే. ఆ తర్వాతే సంతకం. ఆయన టైపిస్టుని కనక, "దిండు ఏమంది సార్?" అని అడగడం నా ఉద్యోగంలో భాగమైపోయింది.

"కొత్త తివాచీ వద్దందమ్మా. దానిమీద నడుస్తూ నడుస్తూ తప్పిపోయినట్టు కల!"

అలాంటి దిండు కిందికి శాసనసభ పంపిన బిల్లొకటి వచ్చి చేరింది. బుద్ధిగా మసలుకున్న ఖైదీలను ముందుగా వదిలే పద్ధతి ఇక రద్దు. సంతకం పడ్డ క్షణం నుంచే అమలు.

రోజులు గడిచాయి. బయట పొగమంచు, లోపల ఆయన గురక. కిటికీ తెర ఊగుతుంటే గది మొత్తం ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది. నాకూ కళ్ళు మూతలు పడేవి.

ఓ రోజు సభానాయకుడు ఊడిపడ్డాడు. మైకు లేకుండానే మూడు వీధులకు వినిపించే గొంతు ఆయనది.

"సభ ఒప్పుకుందండీ! మీ దిండుకేం రోగం?"

"నెమ్మది నాయనా, అది వింటుంది. మీ బిల్లు కలలో పడవెక్కింది. ఇంకా ఒడ్డు చేరలేదు."

"దొంగల భయం తీరుస్తానని జనానికి మాటిచ్చానండీ!"

"మాటంటే మాటే," అని ఈయన ఆవులించారు.

సభానాయకుడు మళ్ళీ వచ్చిన రోజునే జైలు నుంచి ఫోను. "ఆవిడ బయటికొచ్చేసిందని గవర్నరుగారికి చెప్పండమ్మా."

చెప్పాను. గవర్నరుగారు దిండుని గుండెలకు హత్తుకున్నారు. అప్పుడు బయటపెట్టారు అసలు సంగతి. కిందటేడు జైలు చూడబోతే, కుట్టుపని గదిలో ఒకావిడ అడిగిందట: "బుద్ధిగా ఉంటే వచ్చే చలికాలానికి వదులుతామన్నారు, నిజమేనా బాబూ?" "నిజమే తల్లీ" అన్నారట ఈయన.

బిల్లు సభానాయకుడి చేతిలో పెట్టారు. "ఇదివరకే మాటిచ్చిన ఖైదీలకు వర్తించదని ఒక్క ముక్క చేర్చమని రాశాను. ఆపైన సభ ఇష్టం. రెండోసారి పంపితే దిండు నోరెత్తదు."

"మరి ఆ కలలూ?"

"నిద్రపడితేగా!"

"గురక, సార్?" అన్నాను, ఉండబట్టలేక.

"కష్టపడి పెట్టానమ్మా."

మొదటిసారి సభానాయకుడికి మైకు అవసరమైంది. "వస్తానండీ" అని గొణిగి బిల్లు చంకన పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళినవాణ్ణి గవర్నరుగారు వెనక్కి పిలిచారు.

"ఓ చిన్న సాయం నాయనా. ఆవిడది మీ ఊరే. బస్సు దొరికిందో లేదో! మీ కారులో దింపేయరూ? ఇదిగో, ఈ దిండు కూడా పట్టుకెళ్ళండి. దూరప్రయాణం కదా, కాస్త కునుకు తీస్తుంది."