ఎడమకే తిరిగే కార్లు

“ఎడమకేనా?”

“ఎడమకే.”

“ఒక్కసారైనా కుడికి తిరగదా?”

“తిరగదే. అన్ని కార్లూ అంతే. ఆ ఆటే అంత.”

“చితి చుట్టూ కుండ పట్టుకు తిరిగినట్టా! గుండె కోయించుకున్న మనిషి, ఆదివారం పూట పొద్దున్నే లేచి అప్రదక్షిణం చుట్లు కొడతారా? మతి ఉండే మాట్లాడుతున్నారా?”

“నేనేం తిరుగుతానే? కారు తిరుగుతుంది. నేనో మూల నిలబడి మీట తిప్పుతాను.”

“తిప్పేది మీరేగా! ఆ పాపం మీట మీద వేస్తారా?”

“సరే, మీ నాన్న గానుగెద్దు ఎటు తిరిగేది? ఆ పలకెక్కి కూర్చుని ఊరేగేదానివిగా, చెప్పు.”

మా నాన్న గానుగ ఎడమకే తిరిగేది. ఆ సంగతి ఆయనకి నేనే ఎప్పుడో చెప్పాను.

“దానికి కళ్ళకి గంతలు కట్టేవాళ్ళం. ఎటు తిరుగుతోందో దానికి తెలిస్తేగా!”

“మరి ఆ నూనె దేవుడి దీపంలో పోసేవాళ్ళు కాదూ?”

వాదనలో ఓడిపోయేలా ఉంటే నేను డాక్టరు మాట ఎత్తుతాను. “ఉద్రేకపడొద్దని డాక్టరు చెప్పాడు. అబ్బాయి కూడా చెప్పాడు. అయిపోయింది, ఇంక మాట్లాడకండి,” అన్నాను.

దేశం కాని దేశంలో, బుకిట్ పంజాంగ్ అనేచోట మా అబ్బాయి ఫ్లాట్ వంటింట్లో, ఒక శనివారం సాయంత్రం జరిగింది ఇది. నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. మావారు గుమ్మంలో, కోడిపెట్టను చంకన పెట్టుకున్నట్టు ఆ కారును పట్టుకుని నిలబడ్డారు.

కారంటే దూరం నుంచి మీటతో నడిపే బొమ్మకారే, మూరెడు పొడుగుంటుంది. మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు ఎవరో విరగ్గొట్టి పారేసింది ఏరుకొచ్చారనుకున్నాను. గుండ్రటి కప్పు, పాతకాలం నాటి కారు. చక్రాల మీద ఉండాల్సిన రేకులు కోసేసి ఉన్నాయి. చక్రాలేమో పీతకాళ్ళలా బయటికి పొడుచుకొచ్చాయి. తలుపు మీద ఇంతేసి అంకె. “విరగలేదు లా, నానమ్మా! ఓల్డ్ టైమ్ రేస్ కార్స్ ఇట్లానే ఉంటాయి,” అని, ఇక్కడివాళ్ళ మల్లే మాట చివర ‘లా’ తగిలించి, మా మనవరాలు నన్ను చూసి నవ్వింది.

అది చేసింది మా కారిడార్ చివరింట్లో ఉండే చైనా పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో పనిచేశాడట. ఒకసారి అమెరికాలో ఏదో ఊళ్ళో ఓడ ఆగితే, అక్కడివాళ్ళు పాతబడ్డ కార్లు కొనుక్కుని, అక్కర్లేని రేకులన్నీ కోసేసి, పెద్ద ఇంజన్లు బిగించి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మట్టిదారిలో పందేలు ఆడటం చూశాడట. అది ఆయన మనసులోంచి పోలేదు. పని మానేశాక బిస్కెట్ల రేకు డబ్బాలు కత్తిరించి అలాంటివే చిన్నవి చెయ్యటం మొదలుపెట్టాడు. పారేసే డబ్బాతో చేశాడు గనక ఆయన మీద నాకు మొదట్నుంచీ కొంచెం గౌరవమే. మా పక్కన అంతస్తుల కార్ పార్క్ ఉంది. ఎండకు జడిసి దాని పై అంతస్తులో ఎవరూ కార్లు పెట్టరు. ఆదివారం పొద్దున్నే కొందరు ముసలివాళ్ళు అక్కడ చేరి, ఖాళీ సీసాల్లో నీళ్ళు నింపి గుండ్రంగా పేర్చి, వాటి చుట్టూ ఈ కార్లు పరిగెత్తించేవారు. రేపు పందెంలో నడపమని మావారికీ ఒకటి ఇచ్చాడు ఆయన. ఇంతకుముందు నిలబడి చూడటమేగానీ పందెంలో దిగలేదు.

మావారు బస్సు డ్రైవరు. పెళ్ళినాటి నుంచి ఆపరేషను దాకా నడిపింది బస్సే. గుండె కోశాక ఇక నడపొద్దన్నారు. అబ్బాయి కంప్యూటర్ల ఉద్యోగంలో ఉన్నాడు. ఆ రోజుల్లో వాళ్ళకి పని ఎక్కువ, మనుషులు తక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళుంటే బాగుంటుందని మమ్మల్ని ఇక్కడికి రప్పించాడు. వచ్చిన కొత్తలో, మా కిటికీ పక్కనుంచే పోయే చిన్న రైలెక్కించాడు. మావారు నేరుగా ముందుకెళ్ళి అద్దం దగ్గర నిలబడ్డారు. అక్కడ డ్రైవరు లేడు. సీటూ లేదు. రైలు తనంతట తనే ఆగుతోంది, తనే కదులుతోంది. మా అబ్బాయి, “చూశారా నాన్నా, అంతా కంప్యూటరే!” అన్నాడు సంబరంగా. ఆయన “ఊఁ” అన్నారు. తరవాత ఇంట్లో ఏమడిగినా ఆ “ఊఁ” ఒక్కటే మిగిలింది. అన్నం ఊఁ, మందు ఊఁ. కారిడార్ చివరింటికి వెళ్ళటం మొదలయ్యాకే నాతో దెబ్బలాడటానికైనా నోరు తెరిచారు.

అది తెలిసి కూడా వద్దన్నాను. భయం అలాంటిది.

చింతపండు పక్కన పెట్టి, మనవరాల్ని వెంటపెట్టుకుని చైనా పెద్దాయన ఇంటికి వెళ్ళాను. రేపొక్కరోజు అందరినీ కార్లు కుడికి తిప్పమని ఆయన్ని అడగమన్నాను. మనవరాలు అదే ఇంగ్లీషులో చెప్పింది. పెద్దాయన నవ్వలేదు. ఇంకో కారు తెచ్చి నా ముందు నేల మీద పెట్టాడు. చూస్తే కుడివైపు చక్రాలు పెద్దవి, ఎడమవైపువి చిన్నవి. వేలితో కొంచెం తోశాడు. ఎవరూ మీట తిప్పకుండానే అది వంగుతూ వంగుతూ ఎడమకే పోయింది.

“కుడికి తిప్పితే గోడకి కొట్టుకుంటుందంట,” అంది మనవరాలు.

పెద్దాయన ఇంకా ఏదో చెబుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు.

“ఏమంటాడే?”

“తాత డైలీ చాలా మాట్లాడతారంట. తెలుగులోనే. అంకుల్‌కి ఒక్క వర్డ్ కూడా అర్థం కాదంట. బట్ వినడానికి బాగుంటుందంట.”

“మీ తాతా? ఏం మాట్లాడతాడట?”

“అర్థం కాదంటున్నారు కదా, నానమ్మా! బస్ గురించి అంట. స్టీరింగ్ ఇట్లా ఇట్లా తిప్పుతారంట. ఆవు అడ్డం వచ్చింది కూడా యాక్ట్ చేశారంట. అంబా అని.”

పెద్దాయన నా వైపు తిరిగి, “పోనీ! పోనీ!” అన్నాడు. బస్సు కదలటానికి కండక్టరు వేసే కేక. అచ్చం అలాగే అన్నాడు.

నాకు ఆ ఆవు సంగతి తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఇల్లు చేరేసరికి మావారు కారును బల్ల కింద పెట్టేశారు.

“నేను వెళ్ళటం లేదు. రేపు కారు తిరిగిచ్చేస్తాను,” అన్నారు.

నా మాటే నెగ్గింది. అన్నం పెట్టాను.

“మజ్జిగ పొయ్యనా?”

“ఊఁ.”

“ఉప్పు సరిపోయిందా?”

“ఊఁ.”

కిటికీ అవతల ఆ డ్రైవరు లేని రైలు పోయింది. ఆయన తలెత్తి చూడలేదు.

మర్నాడు తెల్లవారాక స్నానం చేసి దీపం పెట్టాను. నూనె పోస్తుంటే ఆయన అన్న మాట చేతికి అడ్డం వచ్చినట్టయింది. వత్తి వెలిగించి, వెళ్ళి ఆయన్ని లేపాను.

“లేవండి. ఎండెక్కకముందే మొదలెడతారట.”

“వెళ్ళనన్నానుగా.”

“ఆ కారుకి నిన్నంతా కరెంటు పెట్టి నింపారుగా. ఆ కరెంటు దండగేనా? నడిపేసి, ఆ తరవాత ఇచ్చెయ్యండి.”

ఆయన నా మొహం చూసి, లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు.

కార్ పార్క్ పైన ముసలివాళ్ళు అప్పటికే సీసాలు పేర్చేశారు. నడిపేవాళ్ళు ఒక పక్క నిలబడతారు. మిగతావాళ్ళు మలుపుకొకరు. కారు బోర్లాపడితే వాళ్ళు వెళ్ళి నిలబెట్టాలి. చైనా పెద్దాయన నన్నొక మలుపులో నిలబెట్టాడు. ఉత్తినే నిలబడేకంటే అదే నయం. కొంగు దోపుకుని నిలబడ్డాను.

కార్లు కందిరీగల్లా మోగుతూ వచ్చాయి. నా మలుపులోనే మావారిది సీసాకి తగిలి వెల్లకిలా పడింది, చక్రాలు గాలిలో తిరుగుతూ. ఉరికి తీశాను. కింది భాగం పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. గబుక్కున కింద పెట్టాను. అది ఒక్కసారిగా దూకింది. వస్తున్న కార్లన్నీ దానికి ఎదురు! నా చెయ్యి దాన్ని గుళ్ళో తిరిగినట్టే పెట్టింది మరి.

ముసలివాళ్ళంతా చైనా భాషలో అరిచారు. అన్నిటికీ మించి మావారి గొంతు. ఇంజను మోత మీంచి అరిచేటప్పటి గొంతది.

“అటు కాదే! తిప్పు! ఇటు తిప్పవే దాన్ని!”

“అరవకండి! తిప్పుతున్నాగా!” అని, కారును పట్టి ఎడమ ముఖంగా పెట్టాను. “పొండి ఇంక!”

వెళ్ళిపోయింది.

మావారు అందరికంటే వెనక వచ్చారు. చైనా పెద్దాయన కారు తిరిగి పుచ్చుకోలేదు, వచ్చే ఆదివారం తెమ్మన్నాడు. మేం లిఫ్టులో దిగి ఇంటికొచ్చాం. దోసెలు తింటున్నంతసేపూ ఆ మలుపులో తప్పు తనది కాదని, సీసా లోపలికి జరిపి పెట్టారని నాకు చెబుతూనే ఉన్నారు. నేను అట్లకాడ పట్టుకుని, అవునండీ, అవును అన్నాను.