మద్రాసు మీటింగులు

ఆటల పార్కులో సుకుమారి చేతికి అపరిచితులు తమ సామాన్లు ఇచ్చి పోతుంటారు. నలభై ఎనిమిదేళ్ళ స్త్రీ, కళ్ళద్దాలు, పిన్ను పెట్టి బిగించిన చున్నీ, ముఖంలో నవ్వు లేదు. అటువంటి మనిషి రోలర్ కోస్టర్ వరుస పక్కన కనిపిస్తే, పైకెక్కిన పిల్లల కోసం కాచుకుని ఉన్నదని ఎవరైనా అనుకుంటారు. "ఆంటీ, ఈ బ్యాగు కాస్త చూస్తుంటారా?" అంటారు. తానూ ఎక్కబోతున్నానని ఆమె చెబితే, అడిగినవాళ్ళు ఒక్క క్షణం ఆగి, మర్యాదగా మరోవైపు చూస్తారు. ఆ చూపు ఆమెకు అలవాటైంది గాని, దానివల్ల కలిగే సిగ్గు మాత్రం అలవాటు కాలేదు.

ఆమె పార్కులో వేసుకునే చుడీదారును సొంత ఊరు ఉదయగిరిలో ఎవరూ చూడలేదు. ఊరి నుంచి చీరతో బయలుదేరి, పార్కులో దుస్తులు మార్చుకునే గదిలో దాన్ని వేసుకుని, తిరుగు ప్రయాణానికి మళ్ళీ చీర కట్టుకుంటుంది.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఆమె టెక్నీషియన్. అక్కడే ఉంటూ, వీలైన ఆదివారాలు ఉదయగిరి వస్తుంది. పని చేసేటప్పుడు మాట్లాడదు. మాట్లాడేది ఎదుట చెయ్యి చాచి కూర్చున్నవాళ్ళే. సోమశిల నుంచి చేపలు పట్టేవాళ్ళు వస్తారు, కొండాపురం నుంచి గొర్రెలు కాచేవాళ్ళు వస్తారు. పట్టీ బిగించి నరం వెతుకుతున్నంతసేపూ తమ కష్టం చెబుతూనే ఉంటారు. ఫలితం ముందుగా తెలిసేది ఆమెకు. దాన్ని విడమరచి చెప్పవలసింది డాక్టరు. కాగితం అందుకునేటప్పుడు అందరూ కాగితం కంటే ముందు ఆమె ముఖం చూస్తారు. కాబట్టి ముఖంలో ఏమీ లేకుండా ఉంచుకోవడం ఆమె నేర్చుకుంది. ఉదయగిరి చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి ఆమెను కార్యదర్శిగా పెట్టుకోవడానికి ఆ గాంభీర్యమే కారణం.

పదేళ్ళ కింద ల్యాబుకు కొత్త యంత్రం కొన్నప్పుడు, దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఆమెను చెన్నై పంపించారు. శిక్షణ ముగిసిన రోజు కంపెనీవాళ్ళు అందరినీ ఊరి బయట ఉన్న ఆటల పార్కుకు తీసుకుపోయారు. తోటివాళ్ళు బలవంతం చేయగా ఆమె రోలర్ కోస్టర్ ఎక్కింది. తొడల మీదికి ఇనుప కడ్డీ దిగి బిగుసుకుంది. కింద గొలుసు టకటకమంటూ బండిని పైకి లాగింది. శిఖరం దాటి పడడం మొదలైన క్షణంలో సీటు ఆమె శరీరాన్ని మోయడం మానేసింది. అట్లా పడేటప్పుడు బరువు ఎక్కడికీ పోదని, అది తెలియడం మాత్రమే ఆగిపోతుందని ఆమె ఇంటర్మీడియట్‌లో చదివి మంచి మార్కులే తెచ్చుకుంది. ఒంటికి తెలిసింది మాత్రం ఆ రోజే. ఆమె అరిచింది. అది తన గొంతేనని గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక ఒక విషయం గమనించింది: పైనున్నంతసేపూ ఎవరి చెయ్యీ, ఎవరి ఫలితమూ జ్ఞాపకం రాలేదు.

అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఆమె అక్కడికి పోతూనే ఉంది. అదే పార్కు, అవే ఆటలు, అదే వరుసలో. రెండోసారి బయలుదేరినప్పుడు పెద్దమ్మ హన్నమ్మ అడిగింది.

"యాడికిమే, సంచి సర్దినావు?"

"మద్రాసుకు పెద్దమ్మా."

"ఓహో, మీటింగులకా! మంచిది, పొయ్యిరా. నా కోసం గూడా ఒక ప్రార్థన చెయ్యి."

చెన్నైలో జరిగే పెద్ద ప్రార్థన కూటాలకు ఉదయగిరి సంఘం నుంచి అప్పుడప్పుడూ కొందరు పోతుంటారు. ఇదీ అదేననుకుంది హన్నమ్మ. సుకుమారి అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కాదనకపోవడం అబద్ధం కాదని ఆమె కొంతకాలం నమ్మగలిగింది. తరువాత సంఘంలోని స్త్రీలు ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. ఒకరికి కొడుకు తాగుడు మానాలి, మరొకరికి గర్భం నిలవాలి. "మీటింగుల్లో మా పేరు ఎత్తు సుకుమారక్కా" అనేవాళ్ళు. ఆమె తల ఊపేది. ఆ తల ఊపడానికి తనలో ఏ సమర్థనా మిగలలేదు.

అసలు సంగతి చెల్లెలు ఏంజెలిన్‌కు మాత్రమే తెలుసు. ఏంజెలిన్ ఆత్మకూరులోనే, పక్క వీధిలో రవికలు కుట్టే దుకాణం నడుపుతుంది.

"పోనీ ఒకసారి ఊటీ పో, గోవా పో. ఎక్కిందే ఎక్కి, దిగిందే దిగి, ఏముండాది అక్కా అందులో?"

"ప్రతిసారీ భయమేస్తాది."

"తెలిసినదానికి భయమేంది?"

"తెలిసినా వేస్తాది. అదే బాగుంటాది."

"బ్రాందీషాపు కాడ మొగోళ్ళు చెప్పేది గూడా ఇదే" అని ఏంజెలిన్ దారం కొరికింది.

పోయిన జూలైలో హన్నమ్మ రక్తం తీసింది సుకుమారే. తల్లి పోయాక ఈ అక్కచెల్లెళ్ళను ఇంట పెట్టుకుని పెంచిన మనిషి హన్నమ్మ. హాస్టల్లో ఆయాగా నీళ్ళు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాయి. మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగింది. కాళ్ళు వాస్తే ఆత్మకూరు వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.8 ఉంది. ఒకటి దాటితేనే ఆలోచించవలసిన సంఖ్య అది. యంత్రం తప్పు చూపిందేమోనని సుకుమారి అదే రక్తాన్ని మళ్ళీ పెట్టి చూసింది. అంతే వచ్చింది. నెల్లూరు డాక్టరు నొప్పి మాత్రలు పూర్తిగా ఆపేయమన్నాడు. తగ్గకపోతే డయాలసిస్ తప్పదన్నాడు.

ఆగస్టులో సుకుమారి బయలుదేరే ముందు హన్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఈసారి ఇంకెవురి పేరూ ఎత్తొద్దుమే. నాదొక్కటే ఎత్తు. ఆ మిషను మీద పండుకోలేను నేను."

సుకుమారి తల ఊపింది.

పార్కులో రెండు రోజులు గడిపింది. కోస్టర్ ఎక్కింది, దిగింది, మళ్ళీ వరుసలో నిలబడింది. తిరిగి వస్తుండగా నాయుడుపేట దగ్గర బస్సు ఆగినప్పుడు, కిటికీలోంచి, మోకాళ్ళు పట్టుకుని బస్టాండు మెట్లెక్కుతున్న ఒక ముసలామెను చూసి పెద్దమ్మ జ్ఞాపకం వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఒక్కసారైనా రాలేదు.

సెప్టెంబరు చివర మళ్ళీ రక్తం తీస్తే 1.7 వచ్చింది. మాత్రలు ఆపితే కిడ్నీలు కొందరికి ఇట్లా కోలుకుంటాయని డాక్టరు వివరంగా చెప్పాడు. ఆ వివరం హన్నమ్మ చెవికి ఎక్కలేదు. డయాలసిస్ అవసరం లేదన్న ఒక్క మాటే ఎక్కింది.

తరువాతి శుక్రవారం హన్నమ్మ కొడుకు యేసుబాబు ఆత్మకూరు వచ్చాడు. ఉదయగిరిలో ఆటో నడుపుతాడు. ల్యాబు గుమ్మంలో నిలబడి సంతోషంగా చెప్పాడు. "అక్కా, ఆదివారం నువ్వు రావాల్సిందే. అమ్మ సాక్ష్యం చెప్తాది. నీ మద్రాసు ప్రార్థనతో కిడ్నీలు బాగైనాయని అందరి ముందరా నిలబడి చెప్పాలంట. పాస్టరయ్యకు గూడా చెప్పేసినాడు మన సంఘ పెద్ద."

"పెద్దమ్మ నిలబడగలదా?"

"దానికే గదా, మొన్నట్నుంచి నొప్పి మాత్రలు మళ్ళీ వేసుకుంటా ఉండాది. ఇప్పుడు నడుస్తాది చూడు, గుర్రం మాదిరి!"

సుకుమారి వెంటనే ఫోను చేసింది. ఆ మాత్రలే కిడ్నీని చెడగొట్టాయని, మళ్ళీ మింగితే ఈసారి కోలుకోకపోవచ్చని చెప్పింది. ఫోనులో హన్నమ్మ నవ్వింది. "దేవుడు బాగు చేసినదాన్ని బిళ్ళ చెడగొడతాదా? ప్రార్థన చేసిందానివి నువ్వు, నీకే నమ్మకం లేకపోతే ఎట్టామే?"

డాక్టరు మాట, రిపోర్టులోని సంఖ్య, తన ఇరవై ఏళ్ళ పని, ఇవేవీ ఆ ప్రార్థన ముందు నిలబడవని సుకుమారికి అర్థమైంది. జరగని ప్రార్థన అది. ఆ సంగతి చెప్పగలిగింది తానొక్కతే.

ఏంజెలిన్ విని కుట్టుమిషను ఆపింది. తరువాత అంది. "మీటింగులకు పోలేదని చెప్పు. ప్రార్థన మాత్రం చేసినానని చెప్పు. అంతో ఇంతో మర్యాద మిగులుద్ది అక్కా నీకు."

"ఆ ప్రార్థన మిగిలితే పెద్దమ్మ మాత్రలు ఆగవు."

శనివారం పొద్దున సుకుమారి ఉదయగిరి బస్సెక్కింది. దారి పొడవునా చెప్పవలసిన మాటలు కూర్చుకుంది. కొండ కనిపించేసరికి అవన్నీ చెదిరిపోయాయి.

హన్నమ్మ వసారాలో కాళ్ళు చాచి చేటలో బియ్యం ఏరుతోంది. ఆదివారం కట్టుకునే తెల్లచీర దండెం మీద ఆరుతోంది.

"పెద్దమ్మా, నేను ఎప్పుడూ మద్రాసు మీటింగులకు పోలేదు."

చేటలో వేళ్ళు ఆగలేదు. "మరి యాడికి పొయ్యేదానివి?"

"ఆటల పార్కుకు."

"ఎవుర్ని తోడుకొని?"

"ఒక్కదాన్నే."

"ఏం జేస్తావు ఆడ?"

"రోలర్ కోస్టరని ఒక బండి ఉంటాది. పైకి తీసకపొయ్యి కిందికి వదుల్తాది. అది ఎక్కుతాను."

"దిగినాక?"

"మళ్ళీ ఎక్కుతాను."

హన్నమ్మ చేట కింద పెట్టింది. సుకుమారిని పరిశీలనగా చూసింది. ఇన్నేళ్ళుగా తన ముందు చెయ్యి చాచినవాళ్ళు తనను ఎట్లా చూశారో ఆ చూపులో సుకుమారికి తెలిసింది. ఆశ్చర్యంగా, ముసలామె ముఖంలో కోపం రాలేదు. నవ్వు లాంటిది వచ్చింది.

"నీ ఎర్రి తగలెయ్య! జాయింటువీలు ఎక్కేదానికా ఇంత దాపరికం? పోనీలే. ఆడ మాత్రం దేవుడు ల్యాడా? అంత పైనుంటే ఆయనకు ఇంకా దగ్గిరే. ప్రార్థన చేసినావు గదా, యాడ చేస్తే ఏంది?"

తప్పించుకునే దారిని పెద్దమ్మే తెరిచి పట్టుకుంది. సుకుమారి చూపు దించుకుంది.

"చెయ్యలేదు."

"ఏంది?"

"మర్చిపోయినాను పెద్దమ్మా. రెండు దినాలూ నువ్వు గుర్తే రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో గుర్తొచ్చింది."

"అప్పుడన్నా చేసినావా?"

"చేద్దామనుకున్నాను. సిగ్గేసింది. నిద్రపోయినాను."

హన్నమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. "మీ అమ్మ పోయినాక మీ ఇద్దరి తలల్లో పేలు తీసింది ఈ చేతుల్తోనే. వీటితో నీ చేతులు పట్టుకోనే గదా అడిగినాను నిన్ను."

"అవును."

"మర్చిపోయినావు."

"మర్చిపొయ్యేదానికే పోతాను పెద్దమ్మా ఆడికి. అందర్నీ. నువ్వు గూడా అందులో పోతావని అనుకోలేదు."

"మరి నా కిడ్నీలు ఎట్టా బాగైనాయి?"

"మాత్రలు మానినందుకు."

"మళ్ళీ మింగినాను గదా?"

"మళ్ళీ పెరుగుద్ది. ఇప్పుడు ఆపితే ఏం కాకపోవచ్చు."

"ఈ ముక్క నిన్ననే చెప్పినావు."

"నువ్వు నమ్మలేదు."

"ఎట్టా నమ్మేది? ప్రార్థించి తెచ్చినదాన్ని నువ్వే కాదంటా ఉండావనుకొన్నాను." గోడ పట్టుకుని లేవబోయి, లేవలేక, యేసుబాబును కేకేసింది. "రేయ్, మంచం కింద ఆ బిళ్ళలుండాయే, తీసకపొయ్యి దొడ్లో గుంట తీసి పూడ్చు. దీన్ని అడగొద్దు ఏమీ."

మధ్యాహ్నం సుకుమారికి అన్నం పెట్టింది. మాట్లాడలేదు. సాయంత్రమూ మాట్లాడలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు పాస్టరు హన్నమ్మ వైపు చూశాడు. హన్నమ్మ ముందుకు పోలేదు. కూర్చున్నచోటే బెంచీ అంచు పట్టుకుని లేచింది. "నొప్పి బిళ్ళలు మానితే నా కిడ్నీలు తేరుకున్నాయి. మీరు గూడా ఎవురూ అడ్డంగా మింగబాకండి. ప్రభువుకు స్తోత్రం" అని కూర్చుంది. సుకుమారి పేరు ఎత్తలేదు. కొందరు ఆమెన్ అన్నారు, కొందరు ఇంకా ఏదో ఉందనుకుని ఎదురుచూశారు.

తన పేరు రానందుకు సుకుమారికి ఊరట కలిగింది. ఆ ఊరట కలిగినందుకు వెంటనే మరింత సిగ్గు కలిగింది.

ఆరాధన ముగిసి మెట్లు దిగుతుండగా కరుణశ్రీ ఎదురొచ్చింది. సమాజంలో అందరికంటే చిన్నది, పెళ్ళయి మూడేళ్ళు. పక్కనే ఇంకో నలుగురు స్త్రీలు ఉన్నారు. "సుకుమారక్కా, ఫిబ్రవరిలో మీటింగులకు పోతావు గదా. ఈసారి నా పేరు మాత్రం మర్చిపోబాక."

హన్నమ్మ రెండు మెట్లు పైన ఆగిపోయింది. సుకుమారి వైపు చూస్తూ నిలబడింది.

"నేను మీటింగులకు పోను కరుణా" అంది సుకుమారి. గొంతు తాననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఎప్పుడూ పోలేదు. పార్కుకు పోతాను, ఆటలాడుకునేదానికి. మీరు చెప్పిన పేర్లు ఆడ ఒక్కటి గూడా ఎత్తలేదు నేను."

కరుణశ్రీ ముందు నవ్వింది, పరాచికం అనుకుని. తరువాత నవ్వు ఆగిపోయింది. ఆ నలుగురిలో ఒకామె "ఈ వయసులోనా?" అంది. ఇంకొకామె "మా వాడి సంగతి గూడా చెప్పినాను గదమ్మా నీకు" అని మాత్రం అని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. సుకుమారి, కార్యదర్శి పని ఇంకొకరు చూసుకోవాలని చెప్పబోయింది గాని, ఆ మాట అప్పటికే అనవసరమైందని గ్రహించి ఊరుకుంది.

స్త్రీలు గేటు దాటిపోయారు. మాత్రల బలం లేని కాళ్ళతో హన్నమ్మ మిగిలిన మెట్లు దిగలేకపోయింది. సుకుమారి భుజం మీద చెయ్యి వేసి బరువంతా మోపింది. అది క్షమించడమని సుకుమారి అనుకోలేదు. పెద్దమ్మకు మోకాళ్ళు నొప్పెడుతున్నాయి, అందుబాటులో ఉన్న భుజం అదొక్కటే.

"చిన్నగా నడువు" అంది హన్నమ్మ. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమెతో అన్న మొదటి మాట అదే.