క్లెయిము రాయని బండి, అంగుళం తగ్గిన కాలు

ఆ రోజు పొద్దున దారిలో నాకు ఒక్క ఎడ్లబండి కూడా ఎదురుపడలేదు. అప్పుడే అనుమానం రావలసింది. ప్రతిదాన్నీ అనుమానించే నాకు ఆ ఒక్క పూట రాలేదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది సంగతి ఇది. ఇబ్రహీంపట్నంలో నాది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. చుట్టుపక్కల ఊళ్ళ దర్జీల దగ్గరికి నేనే పోయి పని చేసి వచ్చేవాణ్ణి. అందుకోసం మిలిట్రీ వాళ్ళు అమ్మేసిన పాత మోటారు సైకిలు ఒకటి కొని, దానికి ఇన్సూరెన్స్ కూడా చేయించాను. అప్పటికి కమ్యూనిస్టుల సంఘం దళాలు ఇంకా అడవుల్లోనే ఉన్నాయి. మిలిట్రీ క్యాంపులు ఊళ్ళ పక్కన ఉన్నాయి. ఊళ్ళు తిరిగేవాడంటే రెండు పక్షాలకూ అనుమానమే. నాకూ ఆ రెండు పక్షాల మీద అంతే.

ఒక గూడెం దగ్గర మలుపు తిరిగాను. ఆ గూడెం పేరు ఇప్పటికీ రాయను. దారికి అడ్డంగా గుంత తవ్వి, పైన కంప పరిచి, మట్టి చల్లారు. మిలిట్రీ లారీల కోసం అప్పట్లో అలా తవ్వేవారు. ముందు చక్రం అందులో దిగింది. తేరుకుని చూసుకుంటే కుడికాలు మోకాలి కింద పక్కకు తిరిగి ఉంది.

ఆముదపు చేనులోంచి ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. అంత తొందరగా ఎలా వచ్చారా అని ఆ నొప్పిలో కూడా అనుకున్నాను. అందరికన్నా పెద్దవాడు మల్లయ్య. అతని చేతులకు మోచేతుల దాకా పచ్చిమట్టి ఉంది. నెత్తురు కడిగి, మంచం మీద ఇబ్రహీంపట్నం దాకా మోసుకొచ్చి శాంతమ్మకు, అంటే మా ఆవిడకు, అప్పజెప్పారు. విరిగిన బండిని గడ్డి కింద దాచి మర్నాడు పంపారు.

హైదరాబాదు దవాఖానలో ఎక్స్‌రే తీశారు. "రెండు బొక్కలూ ఫ్రాక్చర్. ఎట్ల పడ్డవ్?" అని డాక్టరు అడిగాడు. రోడ్డు అంటే పోలీసులకు కబురు పోతుందని భయపడ్డాను.

"ఇంట్ల మెట్ల మీద జారిన" అన్నాను.

పైకి కనబడే గాయం చిన్నదే కదా అని శుభ్రం చేసి, పైన ప్లాస్టర్ వేసి ఇంటికి పంపారు.

బండి విరిగిందని ఎవరు చెప్పారో గానీ, నాలుగో రోజు ఇన్సూరెన్స్ ఏజెంటు సంచీ నిండా బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. నాకు బత్తాయిలు తెచ్చేంత చుట్టరికం మా మధ్య లేదు. కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. "కాలు సంగతి మాకెందుకండీ, బండి సంగతి చెప్పండి. ఫోర్కు, చక్రం, హెడ్‌లైటు అన్నీ కొత్తవి వస్తాయి. పోలీసు రిపోర్టు ఒక్కటి ఉంటే చాలు" అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తరువాత, దగ్గరి ఊరు ఏదని అడిగాడు. నేను మాట మార్చాను. మళ్ళీ అడిగాడు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి మూడోసారి అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. ఇతను కంపెనీ మనిషా, క్యాంపు మనిషా? రిపోర్టు రాస్తే ఆ గూడేనికి ఎవరు పోతారో, పోయి ఏం చేస్తారో అందరికీ తెలుసు. రాయకపోతే బండి లేదు. బండి లేకపోతే నాకు పని లేదు.

పదో రోజుకు జ్వరం పట్టుకుంది. ప్లాస్టర్‌లోంచి వాసన మొదలైంది. మళ్ళీ దవాఖానకు తీసుకుపోయారు. దానికి కిటికీలా కోసి చూసిన డాక్టరు చిమటాతో మొరం గింజ ఒకటి బయటికి తీశాడు.

"మీ ఇంటి మెట్లకు మొరం యాడికెళ్ళొచ్చిందయ్యా? ఇన్ఫెక్షన్ బొక్క దాక పోయింది. గ్యాంగ్రీన్ అయితే కాలు తీసెయ్యాల్సి వస్తది."

పెన్సిలిన్ సూదులు పగలూ రాత్రీ పొడిచారు. నాలుగు రోజులు ఒంటిమీద తెలివి లేదు. తెలివి రాగానే కాలు ఉందో లేదో కూడా చూసుకోలేదు.

"జ్వరంల ఏమన్న వాగిన్నా? ఊరి పేరేమన్న చెప్పిన్నా?" అని శాంతమ్మను అడిగాను.

"సూదుల నంబర్లు చెప్పినవ్. దారం తెగుతదని ఎవర్నో తిట్టినవ్. ఊరి పేరు చెప్పలే" అంది. అది కూడా రెండుసార్లు చెప్పించుకున్నాను.

మూడో వారంలో, నేను ఇంటికి చేరాక, మల్లయ్య వచ్చాడు. రుమాల్లో కట్టిన కోడిగుడ్లు మంచం కింద పెట్టి నేలమీద కూర్చున్నాడు. ఇతను నన్ను చూడడానికి వచ్చాడా, నా నోరు ఎంత గట్టిదో చూడడానికి వచ్చాడా అని నా అనుమానం. ఆగలేక అడిగేశాను.

"గుంత తవ్వింది నువ్వేనా?"

"అవ్. లారీ కోసమని తవ్విన. నీ ఫట్‌ఫటి వస్తదని ఎరుక లేకపాయె." కాసేపు నా కాలు వంక చూశాడు. "రాసిచ్చేదుంటే నా ఒక్కని పేరు రాసియ్యి అన్నా. ఊరి పేరు రాయకు. ఆడోళ్ళున్నరు, పిల్లలున్నరు."

అన్ని రోజులూ పోగుచేసుకున్న అనుమానాలకు అతను దాపరికం లేకుండా జవాబు చెప్పేశాడు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఏజెంటు ఇచ్చిన ఫారం తలగడ కింద ఉంది. దాన్ని ముక్కలు చేసి శాంతమ్మ చేతిలో పెట్టాను.

"మరి బండి?" అంది.

"నేనే చేసుకుంట."

ప్లాస్టర్ కాలు చాపుకుని, గోనెపట్టా మీద కూర్చుని, ఐదు నెలలు చేశాను. ఫోర్కును మల్లయ్య వాళ్ళ గూడెం కమ్మరి కాల్చి సరిచేశాడు. ఇప్పటికీ బండి ఎడమకు లాగుతుంది. నేను కుడికి లాగుతాను, కాలు అంగుళం తగ్గింది కదా. చెప్పుకు మందపు అట్ట వేయించుకుని తిరుగుతున్నాను.

ఆ మధ్య అదే కంపెనీ ఫారం మరొకటి చూశాను. దగ్గరి గ్రామం అని అందులో నిజంగానే ఒక గడి ఉంది. పాపం, ఏజెంటు తన పని తాను చేశాడేమో. బత్తాయిల సంగతి మాత్రం నాకింకా తేలలేదు.

ఇది చదివేవారికి ఒక్క మాట. పోలీసులకు ఏం చెప్తారో, కంపెనీకి ఏం రాస్తారో మీ ఇష్టం. డాక్టరుకు మాత్రం గాయం ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. మట్టిలో పడ్డానని ఆ రోజు చెప్పి ఉంటే సరిపోయేది, ఏ ఊరి మట్టి అని ఆయన అడిగేవాడు కాదు.